సాలుకు ఎంతొస్తది?

రామచందర్‌కు ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న: "సాలుకు ఎంతొస్తది? ఇంట్ల సదివేటోళ్లు ఎందరు?" క్షేమసమాచారాలు ఆ తర్వాతే. తెలంగాణ సరిహద్దు అవతలున్న ధర్మాబాద్‌ బడిలో గుమాస్తాగా రిటైరైన ఆయనకు ఏ చదువుకు ఏ స్కాలర్‌షిప్ ఉందో, ఏ కాగితం జతచేయాలో, ఆఖరి తేదీ ఎప్పుడో అంతా కంఠతా వచ్చు. ఆ బుర్రకు దండం పెట్టాలి. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, నోట్లో దూదితోనే డాక్టరును ఆదాయం అడిగాడు.

భార్య శాంతాబాయికి మాత్రం తల కొట్టేసినట్టయ్యేది. ఒకసారి భోకర్‌లో పెండ్లికి ముందే ఒట్టు వేయించుకుంది.

"పంక్తిల కూసున్నంక బుక్క పెట్టెతందుకే నోరు తెర్వాలె."

ఆయన బుద్ధిగా తలూపాడు. పప్పు వడ్డించేలోపే పక్కనున్న ధాన్యం సేటు వైపు తిరిగాడు.

"సేట్‌జీ, సాలుకు ఎంతొస్తది?"

"ఇన్‌కమ్ టాక్సోళ్లు గుడ గిట్ల అడగరు గద భావూ!"

పంక్తంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఓ బడి మాస్టారు తన ఆదాయం చెప్పాడు, బ్యాండు మేళంవాడు చెప్పాడు. చివర కర్ఖేలి నుంచి వచ్చిన శివవ్వ, కూతురు పూనమ్ కూర్చున్నారు. అందరూ చెప్పారు కాబట్టి శివవ్వా చెప్పింది.

"కూలోళ్లకు ఏమొస్తది సారూ? పోరి నాందేడ్‌ల నర్సింగ్ సదువుతున్నది. స్కాలర్‌షిప్ ఫారం వాపసొచ్చింది. ఇగ బంద్ చేపిస్త."

"ఎందుకొచ్చింది?"

"ఆదాయం సర్టిఫికెట్ మా తల్లిగారి ఊర్లె తీయించిన. తెలంగాణది ఈడ నడువదంట."

"ఆఖరి తారీఖు?"

"శుక్రవారం" అంది పూనమ్, విస్తరి వైపు చూస్తూ.

తెల్లారేసరికి రామచందర్ వాళ్లిద్దరితో తహసీల్ ఆఫీసు మెట్ల మీద ఉన్నాడు. మూడు రోజులు అక్కడే మకాం. ఆయన్ను సాహెబు అనుకుని ఇద్దరు రైతులు అర్జీలు కూడా ఇచ్చిపోయారు. గురువారం సర్టిఫికెట్ చేతికొచ్చింది, శుక్రవారం ఫారం వెళ్లింది. నెల తిరిగేసరికి మంజూరైంది.

ఆ కబురు విని శాంతాబాయి పొంగిపోయింది. అయినా ఉండబట్టలేక అడిగింది.

"గరీబోళ్లను అడుగు, మంచిదే. సేటునెందుకు అడుగుడు? అందరు నవ్వుతరు."

"వట్టి గరీబోళ్లనే అడిగితె పంక్తంత వాళ్ల దిక్కు చూస్తదే. శివవ్వ నోరు తెరుస్తుండెనా? సేటును అడిగితె నా దిక్కు చూసి నవ్వుతరు. నవ్వనీ."

తర్వాతి పెండ్లిలో రామచందర్ చేతులు కడుక్కుని వచ్చేసరికి, శాంతాబాయి అప్పటికే నగల దుకాణం ఆవిడ పక్కన చేరి గట్టిగా అడుగుతోంది.

"అక్కా, మీకు సాలుకు ఎంతొస్తది?"