సిద్దిరాములు పిలుపు

సిద్దిరాములు చేతికి మైకు ఇస్తే తనను అవమానించినట్టు చూసేవాడు. బోధన్ దారిలో ఒక చక్కెర మిల్లు గేటు దగ్గర పంతొమ్మిది సీజన్లు నిలబడి, చెరుకు బండ్లను ఊరి పేరు పెట్టి పిలిచిన మనిషి ఆయన. ఆ పిలుపు వినగానే రోడ్డవతల చాయ్ తాగుతున్న బండివాళ్లు గ్లాసులు కింద పెట్టి లేచేవారు. చదివింది ఏడో తరగతి. పిలుపు పెద్దదే గానీ మాట మాత్రం తక్కువ.

1999లో ఆ పిలుపు మాన్పించడానికి వెళ్లింది నేనే. నిజామాబాద్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. హైదరాబాద్‌లో ఎం.టెక్ చేసి వచ్చిన పొగరు ఇంకా దిగలేదు. మిల్లు మేనేజర్ ఆత్మారాం గారికి ఆ సీజన్ నుంచి కంప్యూటర్ టోకెన్లు కావాలి. చెరుకు తెమ్మని మిల్లు రైతుకిచ్చే పర్మిట్‌లో తేదీ ముందున్న బండి ముందు లోపలికి వస్తుంది. ఇక ఊరి పేరుతో పని లేదు, అందుకని సిద్దిరాములుతోనూ పని లేదు. చెరుకు పిప్పి కుప్పల దగ్గర కాపలాకు వేస్తామని మేనేజర్ నా ముందే ఆయనతో చెప్పేశారు. ఆయన తువాలు భుజాన సర్దుకుని బయటికి వెళ్లాడు. నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది, కొంచెమే.

నా దగ్గర ఫ్లాపీల్లో తెచ్చుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. యార్డు నియమాలు రాసిస్తే, బండ్లు ఏ వరసలో వచ్చినా ఏమేం జరగొచ్చో అన్నీ నడిపి చూస్తుంది. ఒకదాని కోసం ఒకటి ఆగి అన్నీ బిగుసుకుపోయే పరిస్థితి ఎక్కడైనా ఉంటే, అక్కడికి ఎలా చేరామో అడుగడుగూ చూపిస్తుంది. నేను రాసిచ్చింది ఇంతే: గేటు లోపల ఎనిమిది బండ్లకే చోటు. నిండు బండి కాటా ఎక్కి తూగాలి, చెరుకు దింపాలి, ఖాళీగా మళ్లీ తూగి వెళ్లిపోవాలి. ఒకటి బయటికి పోతేనే ఇంకొకటి లోపలికి రావాలి. కంప్యూటర్ మధ్యాహ్నం దాకా నడిచి, ఎక్కడా తప్పు లేదని తేల్చింది. మేనేజర్ మిఠాయి తెప్పించారు.

సీజన్ తెల్లారితే మొదలు. అందరూ వెళ్లాక సిద్దిరాములు తలుపు దగ్గర నిలబడి, తెర మీద ఒక్కో బండికి ఒక్కోటిగా కదులుతున్న గడులను చాలాసేపు చూశాడు.

"మేడం, గీండ్ల ఏ బండి ఆ బండే పోతున్నది. గట్ల పోవు. ఒక్క ఊరి బండ్లు కూడి వస్తయి, కూడి పోతయి. తొవ్వల ఇరుసు ఇరిగితె లేపనీకి నలుగురు గావాలె గద."

ఖాళీగా తూగిన బండి తోటివాళ్ల కోసం ఎక్కడ ఆగుతుందని అడిగాను. బయట రోడ్డు పొడవునా నిండు బండ్ల బారు, నిలిచే చోటుండదట. లోపలే నీళ్ల తొట్టి దగ్గర ఎడ్లను నిలిపి, తోటి బండ్లు తూగేదాకా ఆగుతారట.

తన ఊరి బండ్లన్నీ తూగేదాకా ఏ బండీ బయటికి పోదని ఒక్క వాక్యం కలిపి మళ్లీ నడిపించాను. చాయ్ రాకముందే చిక్కు చూపించి ఆగిపోయింది. ముప్పై రెండు అడుగులు, చివర్న లోపల ఎనిమిది ఊళ్ల ఎనిమిది ఖాళీ బండ్లు. తోటివాళ్లు వస్తే గానీ అవి కదలవు, అవి కదిలితే గానీ తోటివాళ్లు లోపలికి రారు. పొద్దున కంప్యూటర్ నేను అడిగిన దానికి సరిగ్గానే జవాబిచ్చింది, అడగడమే నాకు రాలేదు.

ఒక ఊరి నుంచి కూడి వచ్చే అయిదారు బండ్లను కలిపి పిలిస్తే ఏ చిక్కూ లేదని కూడా అదే తేల్చింది. పంతొమ్మిదేళ్లుగా ఈయన చేస్తున్నది అదే. కానీ ఏ బండి ఏ ఊరిదో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? పర్మిట్ మీద ఉండేది చెరుకు రైతు ఊరు. బండి కిరాయిది, దాని ఊరు ఏ కాగితం మీదా లేదు. ఎడ్లను చూసి చెప్పగలిగింది ఒక్క సిద్దిరాములే. రాత్రికి రాత్రి అంత తెలిసిన మనిషిని ఎక్కడ తెస్తారని, ఇంటి నుంచి పిలిపించిన మేనేజర్‌ను అడిగాను. ఆయన కాసేపు గొణిగి, గేటు గదిలో కీబోర్డు ముందు ఒక కుర్చీ వేయించారు.

మర్నాడు సిద్దిరాములు ఒంటి వేలితో ఊళ్ల పేర్లు కొడుతూ, తెర మీద కనిపించిన పేరునే మళ్లీ గొంతెత్తి పిలుస్తూ కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. నీ నౌకరి నిలబడుతుందని ముందే లెక్క వేసుకున్నావా అని ఆటపట్టించాను.

"లేదు మేడం. చెప్పకుంటె మీది ఆగమై నా జాగ నాకుంటుండె. చెప్తె పిప్పికాడికే పోత అనుకున్న." తర్వాతి ఊరి పేరులో మొదటి అక్షరం కోసం కీబోర్డంతా వెతికి, నొక్కి, అప్పుడు అన్నాడు. "మరి ఎడ్లు నిలవడ్తయి గద, మేత లేక."