నాయనమ్మ పోయని మూడు సాళ్లు

మొన్న చిల్లకల్లు దగ్గర బస్సులోంచి చూశా, ట్రాక్టర్ జొన్న విత్తుతోంది. గింజ వదిలే చెయ్యంటూ లేదు. పంతొమ్మిదివందల అరవైల్లో ఆ చెయ్యి మా నాయనమ్మది. ఎడ్లు తోలేది ఎవరైనా సరే, ఒకేసారి మూడు సాళ్లు విత్తే గొర్రు వెనక నడుస్తూ, దాని గొట్టాల మీదుండే గిన్నె జడ్డిగంలో గింజలు పోయడానికి ఊరంతా ఆవిణ్ణే పిలిచేది.

"ఇందులో ఏముంది, నేనూ పోస్తా" అని ఎనిమిదేళ్ల నేను వాదించి గెలిచి, మా చేలో ఒక్క తిప్పు పోశా. వారానికి చేనంతా సమంగా మొలిచింది. నా మూడు సాళ్లు మాత్రం ఓచోట గుబురు, ఓచోట బోడి. గింజలు చీమలు తినేశాయని నేను తీర్మానించా.

గట్టున పోతూ పక్కచేను రైతు నవ్వాడు. "ఏందత్తా, చెయ్యి వణుకుతోందా? వచ్చే ఏడు మేం ఇంకోళ్లని చూసుకోవాలేమో!"

నేను నోరు తెరిచేలోపు నాయనమ్మ నా చెయ్యి నొక్కింది. "వయసైపోయిందిరా అబ్బాయ్, చూసుకో."

చీమల సంగతి చెప్పదేమని నాకు ఒళ్లు మండింది.

అతను నిజంగానే ఇంకొకావిణ్ణి పిలుచుకున్నాడు. చీమల తప్పేం లేదని నాకు తట్టేసరికి కాలేజీకొచ్చా. ఎనిమిదేళ్ల పిల్ల నవ్వులపాలు కాకూడదని ఆవిడ తన పేరే వదులుకుంది. ఎదురు చెప్పడం చేతకాక కాదు. నాకీ నోరు వచ్చింది ఆవిడ నుంచే.