ఎర్రజెండాల వైపు పరుగు

నాలా మరొకరు పొరపడకూడదని ఇది రాస్తున్నాను.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక ఉదయం, పిన్ని మరియమ్మతో పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు అడ్డదారిన నడుస్తున్నాను. గుట్ట కింద వరసగా ఎర్రజెండాలు కనిపించాయి.

"ఎవరి పెళ్లిరా అది?" అంది పిన్ని.

"పెళ్లికి ఎర్రజెండాలేంటి పిన్నీ! పార్టీ సభ. పద, విని పోదాం," అన్నాను, గ్రంథాలయంలో పత్రికలన్నీ చదివేవాణ్ణన్న ధీమాతో.

ఇంతలో తుపాకీ పట్టుకున్న మనిషి ఒకడు హిందీలో అరుస్తూ వెంటపడ్డాడు. సభను చెదరగొట్టే పోలీసనుకుని మేం జెండాలు దాటి పరుగెత్తాం. అతను మా ఇద్దర్నీ నేలకు లాగి పిన్నికి అడ్డంగా పడుకున్నాడు. వెంటనే గుట్ట మీద గుండు పేలింది. మా మీద మట్టి రాలింది.

"చంపేస్తన్నాడ్రా!" అంటూ పిన్ని అతన్నే రక్కుతోంది. చంపేదెవరో, కాపాడేదెవరో నాకు అంతుపట్టలేదు.

ఎవరో ఈల వేశాక పేలుళ్లు ఆగాయి. అది సైన్యం ఫిరంగుల సాధనట. జనం రాకూడదని కట్టిన జెండాలట. ఎర్రజెండా చూస్తే మా వైపు జనం ఎదురెళతారని వాళ్లకు తెలియదు, అది ప్రమాదానికీ గుర్తని నాకు తెలియదు.

మాకు తెలుగులో విడమర్చి చెప్పిన హవల్దారు సుబ్బారావుగారికి, పిన్నికి సోడా తాగించిన లారీ డ్రైవర్ ఖాసింగారికి, చెంప మీద గోళ్ల గాట్లతోనే ఆమెను లేపి నిలబెట్టిన జవాను రామ్‌సింగ్‌కు నా నమస్కారాలు.