ఒక్కపొద్దు నెలలో మన్ను రుచి

ఈ మధ్యాహ్నం హిందూపురంలో మా ల్యాబు బల్ల దగ్గర నాతో పనిచేసే ఇద్దరు కూర్చున్నారు; బల్ల మీద మూడు క్యారియర్లు, మంచినీళ్ల సీసా, కడిగి ఆరబెట్టిన ఆరు జల్లెడలు. రెండో ముద్దకు పాలకూర పప్పు నా పళ్ల కింద కరుక్కుమంది. ఉమ్మలేదు. కళ్లు మూసుకుని మెల్లగా ఇంకోసారి నమిలాను. ఎదురుగా ఉన్న ఇద్దరూ నవ్వారు. వాళ్లకు షంషాద్ మేడం తెలియదు.

మేడం నా మొదటి బాస్. పాత వరదలను వెతకడం ఆమె పని. ఏరు పొంగినప్పుడు ఇసుకనూ ఒండ్రునూ మోసుకొచ్చి గట్ల మీద పరిచి పోతుంది. నీటి ఉరవడి ఎక్కువైతే పెద్ద రేణువులు, తగ్గితే సన్నవి, కదలని నీటి అడుగున బంకమన్ను. గుంత తవ్వి ఆ పొరలను చూస్తే, ఎవరి జ్ఞాపకంలోనూ లేని వరద కూడా ఎంత ఎత్తుకు, ఎంత జోరుగా వచ్చిందో అంచనా కట్టవచ్చు. ఆ రేణువులను ల్యాబులో జల్లెడలతో వేరు చేసి కొలుస్తాం. "మా నాయన పెనుకొండ సంతలో జల్లెడలమ్మి నన్ను చదివించినాడు. చదివి చదివి నేనూ జల్లెడ పట్టుకునే బతుకుతాండా," అని మేడం నవ్వేవారు.

గుంతలో దిగితే మాత్రం ఆమె జల్లెడ నోరే. చిటికెడు మన్ను ముందరి పళ్ల మధ్య పెట్టి చూసేవారు. బంకమన్నయితే వెన్నలా జారుతుంది, ఒండ్రయితే సన్నగా గరగరమంటుంది, ఇసుకయితే కరుక్కుమంటుంది. ఉమ్మేసి, నోరు పుక్కిలించి, నమూనా ఏ పొర నుంచి తీయాలో చెప్పేవారు. నేను వేళ్లతో నలిపి చూస్తుంటే, "ఏమప్పా, పెండ్లిచూపులకేమన్నా పోతాండావా, నోరు పాడైతాదని?" అనేవారు.

ఒక రంజాన్ నెలలో ధర్మవరం పక్కన చిత్రావతి ఒడ్డున పని పడింది. కొన్ని నేత కుటుంబాలు అక్కడ ఇళ్లు కట్టుకోవాలనుకున్నాయి. అది పాత చెరువు అడుగని ఊళ్లో అందరి మాట. అంతా చెరువు మన్నే అయితే ఏటి భయం లేదు. మధ్యలో ఇసుక పొర ఉంటే ఏరు ఒకప్పుడు అక్కడికి వచ్చినట్టు, మళ్లీ రావచ్చు. వాళ్లవి గుంత మగ్గాలు, ఇంట్లో నేల తవ్వి ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తారు. నీళ్లు గడప దాటితే చాలు, గుంత నిండి పడుగంతా పాడవుతుంది.

అక్కడ స్థలం కోరుకున్నవాళ్లలో ఒకడైన వెంకట్రాముడు వచ్చి మేం తవ్విన గుంత గట్టున కూర్చున్నాడు. నల్లమన్ను మధ్య బెత్తెడు మందాన ఒక తెల్లటి పొర కనిపించింది. మేడం చిటికెడు తీసి నోటిదాకా తెచ్చి, ఆగి, నా అరచేతిలో వేశారు.

"ఒక్కపొద్దుండానప్పా. ఈ నెల పళ్ల పని నీదే."

"ల్యాబుకు తీసుకుపోదాం మేడం."

"తీసుకుపోదాం. యాడ నుంచి తీయాల్నో ఎవురు చెప్తారు? సాయంత్రానికి గుంత పూడ్చల్ల."

నేను మన్ను నోట్లో పెట్టుకోవడం చూసి వెంకట్రాముడు, "మా ఇంట్లో పిల్లోడు ఈ పని చేస్తే తంతాం. మీకు జీతమిస్తారా?" అన్నాడు.

పై పొర జారింది. కింది పొర జారింది. తెల్లటిది కరుక్కుమంది. వెంకట్రాముడి నవ్వు ఆగిపోయింది. "బాగా చూసి చెప్పప్పా. ఇది పోతే మాకు మిగిలేది ఊరి బయట గుట్ట కింద జాగానే. ఆడ్నుంచి రోజూ పట్టు మోసుకుని ఊళ్లోకి రావల్ల."

ఇంకోసారి చూశాను. "ఇసుకే మేడం," అన్నాను.

"మా తాత కూడా ఏరు ఈడికొచ్చిందని చెప్పలేదమ్మా," అన్నాడతను మేడంతో.

"మీ తాత కంటే ముందొచ్చిందేమో వెంకట్రాముడూ. మనం పుట్టేదాకా ఆగల్లని ఏటికేముండాది?"

మేడం నన్ను మళ్లీ చూడమనలేదు. నేను చూపించిన చోటే నమూనా తీశారు.

పొద్దు గూకాక జీపు పక్కన నిలబడి మేడం ఖర్జూరంతో ఒక్కపొద్దు విడిచారు. నా చేతిలోనూ రెండు పెట్టారు. మింగకుండా ఉమ్మేసినా ఒక్కపొద్దు పోతుందా అని అడిగాను.

"మసీదులో హజరత్‌ను అడిగినా. అవసరమైతే పర్వాలేదన్నాడు."

"మరి మీరే చూడొచ్చు కదా?"

"అవసరం పడలేదు గదప్పా. నువ్వుండావు."

ల్యాబులోనూ అది ఇసుకగానే తేలింది. ఇళ్లు గుట్ట కిందే కట్టుకున్నారు. వెంకట్రాముడు చాలాకాలం నన్ను కోపంగా "ఇసుకప్పా" అనే పిలిచాడు. ఇప్పుడూ అలాగే పిలుస్తాడు గాని, టీ ఇచ్చి మరీ పిలుస్తాడు. పాత స్థలానికి ఏరు ఇంతవరకూ రాలేదు, నా జీవితకాలంలో రాకపోవచ్చు కూడా. "దూరమే, గానీ కండ్ల నిండా నిద్ర పడతాది," అంటాడు.

మేడం కిందటేడు పోయారు. ఇప్పుడు గుంతల్లో ముందు నా పళ్లే చూస్తాయి. నేను చెప్పాక నన్ను మళ్లీ చూడమని ఎవరైనా అంటే బాగుండునని కొన్నిసార్లు అనిపిస్తుంది. అప్పుడు ఆ సాయంత్రం జీపు పక్కన ఆమె అన్న చివరి మాట తలుచుకుంటాను.

ఈరోజు పప్పులో తగిలింది సన్న ఇసుక, నూట యాభై మైక్రాన్లు ఉంటుందన్నాను. ఎదుటివాళ్లు నమ్మలేదు. రేణువును కడిగి మైక్రోస్కోపు కింద పెట్టాం. నూట అరవై రెండు.