ముసలి సిపాయికి గీసిన గీత

పదిహేడేళ్లుగా రైళ్లకు గీతలు గీసి గీసి నా కళ్లు అరిగిపోయాయి. ఖరగ్‌పూర్‌లో సెక్షన్ కంట్రోలర్ ఉద్యోగం నాది. పెద్ద కాగితం మీద అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు ఉంటాయి. ఏ వేళకు ఎక్కడుందో చూపిస్తూ ఒక్కో రైలుకు ఒక్కో ఏటవాలు గీత. ఇప్పుడు గీతలు కంప్యూటరే గీస్తోంది, తిట్లు మాత్రం మేమే తింటున్నాం. మిగిలిపోయిన పాత చార్టు కాగితాలు ఎవరికీ అక్కర్లేదంటే ఇంటికి తెచ్చుకున్నాను. అవి అన్నయ్య పిచ్చికి పనికొచ్చాయి.

అన్నయ్య వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు, ఆ గొడవ ఇప్పుడెందుకు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో అన్నాచెల్లెళ్లం ఇద్దరమే ఉంటాం. ఎప్పుడో హిజ్లీ కాలేజీ హాస్టలు పిల్లలు చదువైపోయి వెళ్తూ పాతసామాన్ల దాదాకు అమ్మేసిన నాలుగు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకొచ్చాడు. లేని దేశాలు, లేని నదులు, రాజులు, మంత్రగాళ్లు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, అన్నాల దగ్గర ఆ కథంతా నాకు మన భాషలో చెప్పేవాడు. పోనుపోను ఆ రోగం నాకూ అంటుకుంది. సొంత చుట్టాల పేర్లు మరిచిపోయాను గానీ, ఏ రాజు ఎవరి మేనల్లుడో అడిగితే ఇప్పటికీ టకటకా చెప్పేస్తాను.

రెండో పుస్తకంలో ఒక ముసలి సిపాయి ఉన్నాడు. శత్రువులు వస్తుంటే కోటలో జనాన్నంతా ముందు పంపేసి, తాను చిట్టచివర బయల్దేరతాడు. నది మీద వంతెన దాటితే బతికిపోయినట్టే. కానీ శత్రువులు వెంటపడకుండా ఆ వంతెనను సొంతవాళ్లే తగలబెట్టేస్తారు. ముసలాడు ఈలోగా దాటాడో లేదో రచయిత చెప్పడు. మహానుభావుడు! నాలుగు పుస్తకాలు నింపాడు గానీ ఆ ఒక్క ముక్క రాయడానికి చేతులు రాలేదు.

అన్నయ్య కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తిప్పడం మొదలయ్యాక, ఆయన ఈ సిపాయిని పట్టుకు కూర్చున్నాడు.

"ఆడు దాటినాడా, నేదా? కంట్రోలరువి గదే, గీసి సూడు."

డ్యూటీ దిగి, ఆస్పత్రిలో కాపలా కూర్చుని, ఇంటికొచ్చి వండి, అప్పుడు గీశాను. ఎవరితో చెప్పుకోను? స్టేషన్ల బదులు కోట, అడవి, వంతెన పెట్టాను. సిపాయి మిట్టమధ్యాహ్నం బయల్దేరాడు. ముసలి నడక లెక్కన రాత్రి తొమ్మిదికి వంతెన చేరతాడు. వంతెనేమో కొత్త రోజు మొదలవగానే తగలబడిందని పుస్తకంలో ఉంది. అంటే అర్ధరాత్రి పన్నెండు. ఇంకా మూడు గంటలు చేతిలో ఉన్నాయి.

"దాటేసినాడన్నా!" అన్నాను.

ఆ రోజు అన్నయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. డయాలసిస్ దగ్గర పక్క మంచం దీదీకి కూడా బెంగాలీలో కథంతా చెప్పి, సిపాయి బతికే ఉన్నాడని ఒప్పించాడు. సిపాయి దాటితే తానూ గట్టెక్కుతానని నాతో ఎప్పుడూ అనలేదు. అనాలా ఏమిటి, నాకు తెలుస్తూనే ఉంది.

మొన్న ఒక ఆదివారం, భోజనాలయ్యాక మొదటి పుస్తకం చదివి వినిపించమన్నాడు. ఆయనకిప్పుడు అక్షరాలు ఆనడం లేదు. అందులో ఒక పండగ వచ్చింది. జనం పగలంతా ఉపవాసం ఉండి, సందె దీపాలు పెట్టగానే కొత్త రోజు వచ్చిందని చెప్పి భోజనాలకు లేచారు. ఆ వాక్యం దగ్గరే చదవడం ఆపేశాను. ఆ దేశంలో రోజు మొదలయ్యేది దీపాల వేళకు, అంటే సాయంత్రం ఆరింటికి! అర్ధరాత్రి సున్నా గంటలకు మొదలయ్యేది మా రైల్వే చార్టులో. నా బుద్ధి మండిపోను, ఎన్నిసార్లు చదివాను ఆ పేజీ! సిపాయి నది దగ్గరికి చేరేసరికి వంతెన కాలిపోయి మూడు గంటలు.

"ఏటయినాది? ఆపేసినావేటి?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఇంగ్లీషు చదవడం కంటే నా మొహం చదవడం అన్నయ్యకు తేలిక. చెప్పేశాను.

"తప్పు నాదే అన్నా. ఆడు దాటనేదు."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకుంటూ పడుకున్నాడు.

"అయితే ఒడ్డు మీద ఆడొక్కడేనా?" అన్నాడు. "ఇంకెవలైనా ఉన్నారేమో సూడు."

చార్టు ఆయన మంచం మీదే పరిచాను. వంతెనకు ఇవతల ఉన్నది ఒకే ఒక్క గీత, సిపాయిది. నడవని రైలుకు గీత గీయడం మా ఉద్యోగంలో ఘోరమైన తప్పు. పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. పెన్సిలు తీసుకుని, సిపాయి గీత పక్కనే, కోట దగ్గర మధ్యాహ్నం పన్నెండు నుంచి ఇంకో గీత మొదలుపెట్టాను.

"ఉన్నారన్నా. కోట కాడ్నించీ ఆడితోనే వస్తన్నారు."

"ఎవలే?"

"ఎవలో ఆడమనిషి," అంటూ గీతను నది దాకా లాగాను.