నీళ్లు వదిలేవాడికి వెలి

మునిరామయ్య ఊరి పేరు నేను రాయను. రాస్తే ఆ ఊరొక్కటే అట్లాంటిదని చదివేవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. చిత్తూరులో పెనుమూరు బస్సెక్కితే ముప్పావు గంటలో వస్తుందని మాత్రం చెబుతాను.

ఆ ఊళ్లో పదిహేడేళ్లుగా నీళ్ల ట్యాంకు చూసుకునే మనిషి మునిరామయ్య. పొద్దున్నే మోటరు వేసి, ట్యాంకు నింపి, వీధి వీధికీ వాల్వు తిప్పి నీళ్లు వదలడం ఆయన పని. మాట తక్కువ. ఎవరి జోలికీ పోయేవాడు కాదు. భూమిలో ఏ పైపు ఎక్కడ పోతుందో ఆయనకు తెలిసినంతగా ఆఫీసు కాగితాలకు కూడా తెలియదు. ఆ తెలివే ఆయన మెడకు చుట్టుకుంది.

భూముల రీసర్వేకి వచ్చిన సర్వేయరు శ్మశానం దోవ ఎక్కడని అడిగాడు. ఆ దోవ కులపెద్ద వరదయ్య మామిడితోటలో కలిసిపోయి ఇరవయ్యేళ్లయింది. అప్పటినుంచి ఊరు తన పీనుగలను వంకలోకి దిగి, వాగు బండల మీద చుట్టూ తిప్పి మోసుకుపోతోంది. అక్కడ నిలబడిన పదిమందీ తెలియదన్నారు. ఆ పదిమందీ ఆ దోవన తండ్రుల్ని మోసినవాళ్లే.

"ఈడనే సార్," అన్నాడు మునిరామయ్య. "దోవ అంచునే పాత పైపులైను పోతా ఉండాది. తవ్వి సూడండి."

తవ్వితే పైపు కనబడింది. సర్వే రాళ్లు తోట మధ్యలో పడ్డాయి.

ఆ వారమే పాలకేంద్రం ముందర కులం కూడింది. వరదయ్య కండువా సర్దుకుని తీర్పు చెప్పాడు.

"ఊరి మాట ఊళ్లోనే ఉండాల. బయటోడికి జెప్పినోడు ఊరోడు కాడు. ఈ పొద్దు నించి మునిరామయ్య ఇంటికి నిప్పు లేదు, నీళ్లు లేదు. పెండ్లికి పిలుపు లేదు, సావుకు మోత లేదు. ఆ ఇంటోళ్లతో మాట్లాడినోళ్లకీ ఇదే."

"ఎవురు పెట్టిన కట్టుబాటన్నా ఇది?" అని అడిగాడు మునిరామయ్య.

"తాతలనాటిది. ధరమం."

నీళ్లు లేదన్నప్పుడు ఆ గుంపులో ఒక్కరికీ నవ్వు రాలేదు. ఊరికి నీళ్లు వదిలేవాడికే నీళ్లు లేవంటున్నామన్న సంగతి ఏ బుర్రకూ తట్టలేదు. మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే వాల్వులు తిప్పాడు. ఆడవాళ్లు బిందెలు పెట్టి, ఆయన వచ్చేసరికి మొహాలు అటు తిప్పుకున్నారు. మనిషికే వెలి గానీ, ఆ మనిషి వదిలిన నీళ్లకు లేదు. ధర్మం అంత సూక్ష్మమైనది మరి.

ఆయన భార్య కోమలి క్యాను తీసుకుపోతే పాలకేంద్రంలో పాలు పోయించుకోలేదు. రెండు మైళ్లు నడిచి పక్క ఊళ్లో పోసి వచ్చేది. ఒకరోజు క్యాను కింద పెడుతూ అంది: "నువ్వు గూడా తెలీదనుంటే సరిపోయుండును."

"తెలిసిన్దాన్ని తెలీదని ఎట్ల సెప్పేది?" అన్నాడాయన. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

మంచం పట్టిన మునిరామయ్య తల్లి, ఎవరూ పలకరించడానికి రావడం లేదేమని కొడుకును అడిగింది. సంగతి చెప్పాడు. తాతలనాటి ధర్మం అన్న మాట వినగానే ముసలామె నవ్వబోయి దగ్గింది.

"ఆ వరదయ్య తాతను నేను సూసినాన్రా. వాళ్ల ఎద్దులు మనోడే పెంచలయ్య అని, ఆయప్ప సేన్లో పడి మేసేసినాయి. ఆయప్ప వాటిని బందెలదొడ్డికి తోలినాడు. ఆ సాయంత్రమే ఆయప్పకి వెలేసినారు. నాలుగు నెల్లు సూసి, పెండ్లాం బిడ్డల్ని ఎత్తుకోని అరవదేశం ఎల్లిపోయినాడు. నేను కాపరానికొచ్చిన ఏడు. అంతకుముందు ఈ ఊళ్లో అట్లాంటిది లేదు."

అదీ ఆ ధర్మం పుట్టిన చోటు. వేదంలో కాదు, శాస్త్రంలో కాదు, బందెలదొడ్డిలో. రెండు దొంగ ఎద్దులకు జరిగిన అవమానం మూడు తరాలకు కట్టుబాటయి కూర్చుంది. వెలి అంటే వెలుపల అనే అర్థం. గీత గీసే కర్ర ఎవడి చేతిలో ఉంటే వాడు లోపలివాడు. అంతకుమించి ఆ మాటకు లోతు లేదు.

మూడో నెలలో ముసలామె పోయింది. పొద్దున పోతే మధ్యాహ్నానికి కూడా ఇంటి ముందర కోమలి తమ్ముళ్లిద్దరే ఉన్నారు. మునిరామయ్యతో కలిపి మూడు భుజాలు, పాడెకు ఇంకొకటి కావాలి. మునిరామయ్యను కన్నకొడుకులా చూసుకున్న చిన్నాన్న ఎదురింటి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. చదవడమంటే, అదే పేజీని రెండు గంటలుగా పట్టుకుని ఉన్నాడు.

అప్పుడు కాలనీ నుంచి ఎస్తేరు వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు కోసే కూలిమనిషి. వెనక ఆమె భర్త సుకుమార్, ఇంకో ఐదుగురు, చావుకు వాయించే రెండు పలక డప్పులు. ఎవరూ పిలవలేదు. పలకలు కొట్టకూడదని వరదయ్య ఆ పొద్దున్నే కబురు పెట్టాడని తర్వాత తెలిసింది.

పాడె లేచింది. వంకవైపు తిరగబోతుంటే సుకుమార్ ఆపాడు. "రాళ్లు పాతినారు గదన్నా. దోవ ఉండగా వంకలో దిగేదెందుకు?"

తోటకు వేసిన కంప తీసి పక్కన పెట్టారు. గట్టు మీద వరదయ్య ఉన్నాడు. చేతులు ఊపాడు. నోరు తెరిచాడు, మూశాడు. మునిరామయ్యతో మాట్లాడితే తనకూ వెలే. తను వేసిన తాళం తన నోటికే పడింది. చివరికి సుకుమార్‌ను పట్టుకున్నాడు.

"రేయ్, నీకేం పని ఈడ? కంప ఎవురు తీయమన్నారు?"

"వెలేసినోళ్లతో కలిసినోళ్లకీ వెలే అన్నారంట గదా," అన్నాడు సుకుమార్, నడక ఆపకుండానే. "మాతో మాట్లాడితే మీకు తప్పు పడుతుంది. సూసుకోండి."

పాడె మామిడిచెట్ల మధ్యగా పోయింది. కులపెద్ద గట్టు మీద చేయి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

గుంత పూడ్చాక మునిరామయ్య ఎస్తేరు ఎదుట చేతులు జోడించాడు. "మూన్నెల్లుగా మనిషి మొహం సూళ్లేదు. ఊరు ఇంత పని జేస్తాదనుకోలేదమ్మా."

ఎస్తేరు చేతులు కడుక్కుంటూ చెప్పింది. "నీకు మూన్నెల్లన్నా. మేము పుట్టిందే ఊరిబయట. మాకు ఎవురూ పంచాయితీ గూడా పెట్టలేదు, నువ్వు ఫలానా తప్పు జేసినావని. కాలనీ అని పేరు పెట్టి బోర్డేసినారు, అంతే. నీళ్లు గూడా నువ్వు అందరికీ వదిలినాకనే గదా మాకు వదిలేది."

ఆమె తిట్టలేదు. ఉన్న సంగతి చెప్పింది. మునిరామయ్య నాతో ఈ మాట చెప్పేటప్పుడు నేల చూశాడు. పదిహేడేళ్లు ఆయనే ఆ వాల్వులు తిప్పాడు. ముందు వరదయ్య వీధి, తర్వాత మిగతా వీధులు, ట్యాంకు అడుగంటాక అరగంట కాలనీకి. ఎవరు చెప్పారని అడిగితే, "ఎవురూ సెప్పలా. అట్లే జరగతా ఉండింది," అన్నాడు. వరదయ్యకు కనీసం తాతవి రెండెద్దులున్నాయి. ఈయనకు ఆ సాకు కూడా లేదు.

మర్నాడు మొదటి వాల్వు కాలనీది తిరిగింది. వరదయ్య వీధికి నీళ్లు సన్నబడ్డాయి. అడగాలంటే మాట్లాడాలి. కాబట్టి సచివాలయంలో అర్జీ ఇచ్చారు. ఇంజినీరు వచ్చి, ఏ వీధికి ముందు వదలాలో రూలేమీ లేదని చెప్పి, టీ తాగి పోయాడు.

రెండేళ్ల తర్వాత పంచాయతీ ఎన్నికల మాటలు మొదలయ్యాయి. వరదయ్య కొడుకు సర్పంచిగా నిలబడాలనుకున్నాడు. ఒక సాయంత్రం కులపెద్ద స్వయంగా మునిరామయ్య ఇంటికి వచ్చాడు. వెలికి కూడా సెలవుదినం ఉంటుంది. అది ఓట్ల ముందర వస్తుంది. కోమలి ఇచ్చిన కాఫీ తాగుతూ ఆయన అన్నాడు:

"వెలి తీసేసినామప్పా. గుడికాడ ఒక టెంకాయ కొట్టి, తప్పయిందంటే సాలు."

"తప్పయిందని అనేది మీరా, నేనా?"

వరదయ్య కాఫీ ఊదుకున్నాడు. "ఎవురో ఒకరు. దాందేముండాది."

"సరేన్నా. లోపలికి రమ్మంటా ఉండారు. ఎస్తేరు వాళ్లను గూడా పిలస్తారా?"

వరదయ్య గ్లాసు కింద పెట్టి లేచాడు. కాఫీ సగం అలాగే ఉంది.

టెంకాయ ఎవరూ కొట్టలేదు. అయినా ఊరు మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది. పేపరు చదివిన చిన్నాన్న ఒకరోజు, "ఏమబ్బా, కనపడ్డమే లేదు," అన్నాడు, మునిరామయ్యే ఎక్కడికో పోయి వచ్చినట్టు. మునిరామయ్య ఊకొట్టి ముందుకు నడిచాడు. ఇప్పుడు సాయంత్రమయితే ఆయన ఉండేది సుకుమార్ ఇంటి దగ్గరే.

కోమలి ఎస్తేరు ఇంట్లో అన్నం తినడానికి ఇంకో ఏడాది పట్టింది. ఈ సంగతి మునిరామయ్యే దాచకుండా చెప్పాడు. తనకు ఎన్నాళ్లు పట్టిందో మాత్రం చెప్పలేదు.