తాగదని చెప్పాను

అవ్వను, అంటే మా అమ్మను, సిద్దిపేట దవాఖానలో చేర్చిన రోజు నర్సు అడిగిన ప్రశ్నలన్నింటికీ నేనే జవాబు చెప్పాను. షుగరుందా, బీపీ ఉందా, ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా అని అడిగింది. చివరికి కాగితం మీంచి తల ఎత్తకుండానే, "తాగుడు అలవాటున్నదా?" అంది.

"లేదు మేడం," అన్నాను.

వాకిట్లో కాలు జారి అవ్వ తుంటి ఎముక విరిగింది. నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుని పడుకుని ఉంది. నా మాట విన్నదో లేదో తెలియదు.

మా ఇళ్లలో తాగుడంటే మగవాళ్లు తాగే సారా, బ్రాందీ. కల్లు ఆ లెక్కలోకి రాదు. రోజంతా వంగి కలుపు తీసిన ఆడవాళ్లు పొద్దుగూకే వేళ ఒక సీసా కల్లు తాగితే దాన్నెవరూ తాగుడు అనరు. అందుకే అలా చెప్పానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పక్క మంచం దగ్గర కూర్చున్నామె కూతురు నా క్లాసు పిల్ల. ఆమె వింటుండగా నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తొగుట దగ్గరి మా ఊరు మల్లన్నసాగర్ రిజర్వాయరు నీళ్ల కిందికి పోయింది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ అవ్వ తాగింది చెట్టు కల్లు. అది కూడా పని ఉన్న రోజుల్లోనే. తర్వాత గజ్వేలు వైపు కాలనీలో ఇల్లిచ్చారు. అక్కడ తాటిచెట్టు లేదు, కలుపు తీయడానికి చేను లేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ చేతులకు తీరిక ఎరగని మనిషి, పొద్దున్నే ఊడ్చి ముగ్గేసి, ఇక ఏం చేయాలో తెలియక గడప మీద కూర్చునేది. కాలనీ చివర సీసాల్లో కల్లు అమ్మే కంపౌండు వెలిసింది. బాపు పోయాక అవ్వ పొద్దున పూట కూడా అక్కడికి పోవడం మొదలుపెట్టింది. నేను వెళ్లినప్పుడల్లా మాట తడబడేది, కూర్చున్నచోటే కునికేది. వయసు మీద పడింది కదా అనుకుని తిరిగొచ్చేదాన్ని.

దవాఖానలో రెండో రోజు ఆమె చేతులు వణకడం మొదలైంది. నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయింది.

"బిడ్డా, ఒక్క సీస తెప్పియ్యరాదు? ఒక్కటే," అంది మెల్లగా.

"ఇది దవాఖాన అవ్వా. నా ఇజ్జత్ తియ్యకు," అన్నాను.

మళ్లీ అడగలేదు. గోడ వైపు తల తిప్పుకుంది.

మూడో రోజు పొద్దున నేను టీ తీసుకుని వచ్చేసరికి అవ్వ రెండు చేతులతో దుప్పటి పీకుతోంది. వేళ్లతో గిల్లి, లాగి, పక్కన కుప్ప వేస్తోంది. ఒళ్లంతా చెమట.

"ఏం చేస్తున్నవ్ అవ్వా?"

"కనవడ్తలేదా? తుంగ ఎంతగనం లేచిందో సూడు. ఇంక రెండు సాళ్లున్నయి. నువ్వు గా సాలు పట్టు."

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎవ్వలు నువ్వు? నా చేన్ల నీకేం పని?" అని అరుస్తూ, విరిగిన తుంటితోనే మంచం దిగబోయింది. ఆ నొప్పికి ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇద్దరు ఆయాలు వచ్చి ఆమె చేతులను కట్టుగుడ్డతో మంచానికి కట్టారు. పక్క మంచం ఆమె తన కూతుర్ని బయటికి తీసుకుపోయింది. కొంతసేపటికి అవ్వకు ఫిట్స్ వచ్చాయి. నాలుక కరుచుకుని దిండంతా నెత్తురైంది.

మెదడు జబ్బులు చూసే డాక్టరును పిలిపించారు. ఆయన అవ్వ కళ్లు చూసి, నా వైపు తిరిగి, "తాగుతదా?" అన్నాడు.

అప్పుడు కూడా నేను "లేదు సార్" అన్నాను. అది ఎలా అన్నానో నాకే తెలియదు.

తలుపు దగ్గర చిన్నవ్వ నిలబడి ఉంది. అవ్వ చెల్లెలు, అదే కాలనీలో ఒక్కతే ఉంటుంది. ఆమే ముందుకొచ్చింది. "కల్లు తాగుతది సారూ. దినాం ఐదారు సీసలు. మా కాలనీ కంపౌండుది."

డాక్టరు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "గది కల్లు కాదమ్మా," అన్నాడు. "నిద్రగోలీల పొడి కలిపిన నీళ్లు. ఇన్నేండ్ల సంది ఈమె దినాం గోలీలు మింగినట్టే. ఒక్కసారి బంద్ జేస్తే మెదడు గిట్ల తిరగబడ్తది. పానం కూడ పోతది. తొలిరోజే చెప్పి ఉంటే మెల్లగ తగ్గించుకుంట వస్తుంటిమి."

ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ తర్వాత అలాంటి గోలీలే లెక్క ప్రకారం ఇస్తూ వచ్చారు. ఐదు రోజులు అవ్వ మా మధ్య లేదు. నీళ్ల కింద ఉన్న చేనులోనే ఉంది. కలుపు తీసింది, బాపుతో కొట్లాడింది, ఎవరినో అన్నానికి పిలిచింది. ఆలోపు నెమ్ము చేసింది. ఆపరేషన్ వెనక్కి జరిగింది. ఆ ఆలస్యం వల్లో మరి దేనివల్లో, కాలు సరిగ్గా కుదరలేదు. ఇప్పుడు వాకర్ లేకుండా నాలుగు అడుగులు వేయలేదు.

తర్వాత మా ఇంటికి తెచ్చుకున్నాను. గోలీలు బీరువాలో పెట్టి తాళం వేసి, డాక్టరు రాసిచ్చినట్టు ముందు ఒకటి, తర్వాత అర, ఆ తర్వాత పావు ఇచ్చాను. తగ్గించిన ప్రతిసారీ అవ్వకు నిద్ర పట్టేది కాదు, కడుపులో తిప్పేది, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడేది. "నేనింక ఎన్నేండ్లు బతుకుత బిడ్డా? నన్ను పోనియ్యి," అని ఏడ్చేది. తలుపుకు గడియ పెట్టి బడికి పోయేదాన్ని. నాలుగు నెలలకు ఆ పావు గోలీ కూడా మానేసింది.

చిన్నవ్వ చూడడానికి వచ్చినప్పుడల్లా, "నువ్వు కూడ డాక్టరుకు చూపెట్టుకో," అనేదాన్ని. "నేను అక్కలెక్క గంతగనం తాగుతనా?" అని నవ్వేది. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఒక మనిషిని చూసుకునేసరికే అలసిపోయాను.

ఒక సోమవారం చిన్నవ్వ ఫోన్ చేసింది. గొంతులో సంతోషం. "బిడ్డా, ఎక్సైజు సార్లొచ్చి కల్లు పట్టుకపోయిన్రు. కంపౌండు బందైంది. మంచిగైంది, నేను గూడ మానేసిన."

"చిన్నవ్వా, అట్ల ఒక్కసారి మానొద్దు. మీ అక్కకు ఏమైందో చూసినవ్ గద. రేపే రా, దవాఖానకు పోదాం."

"చేతులు జర వణుకుతున్నయి, గంతే. ఎల్లుండొస్త తియ్యి."

నేనే వెళ్లి తీసుకురావాల్సింది. గంటన్నర దారి. స్కూల్లో పరీక్షలు నడుస్తున్నాయి, సెలవు అడగాలంటే మొహమాటమైంది. ఎల్లుండి వస్తానంది కదా అనుకున్నాను. బుధవారం మధ్యాహ్నం పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. పొయ్యి దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోయిందట. వాళ్లు చూసేసరికే ఆలస్యమైంది.

అవ్వను ఆటోలో తీసుకుపోయాను. చెల్లెలి ముఖం చూసి ఏడవలేదు. "నాకు గోలీలు పెట్టినవ్, దానికెవ్వలు పెట్టలే," అంది నాతో, తప్పు పట్టినట్టు కాదు, ఊరికే చెప్పినట్టు.

మూడో రోజు సమాధి దగ్గర అన్నం, కల్లు పెట్టారు. కంపౌండు అప్పటికే మళ్లీ తెరిచారు. పోయినామె పేరు మీద సాక పోయమని ఎవరో అవ్వ చేతికి సీసా ఇచ్చారు. నేను పక్కనే ఉన్నాను. అవ్వ వాకర్‌ను ఒక చేత్తో పట్టుకుని, వంగలేక వంగి, మట్టి మీద కల్లు పోసింది. సీసాలో సగం మిగిలింది. దానివైపు చాలాసేపు చూసింది. ముక్కు దాకా తెచ్చుకుంది కూడా. తర్వాత అవతల నిలబడ్డామెకు అందించి, నా వైపు తిరిగి, "నన్ను పట్టుకో బిడ్డా, పోదాం," అంది.

పట్టుకున్నాను. ఆటో దాకా పోయేసరికి ఆమె చీర చెమటతో తడిసిపోయింది.